టీ34 సిరింజి డ్రైవర్: పిల్లల చివరి రోజుల్లో ఇంటికొచ్చే ఆ చిన్న పెట్టె పనితనం

నోటితో మందు తీసుకోలేని స్థితికి వచ్చిన పిల్లలకు చర్మం కింద సన్నటి గొట్టం పెట్టి, దాని గుండా 24 గంటల పాటు చుక్కచుక్కగా మందు పంపే యంత్రం ఇది. కళ్లజోడు పెట్టెంత ఉంటుంది, బరువు 200 గ్రాముల పైచిలుకు. మొదట మెకిన్లీ టీ34 అన్న పేరుతో వచ్చింది. కంపెనీ చేతులు మారాక ఇప్పటి రూపాన్ని బాడీగార్డ్ టీ అంటున్నారు. మోడల్‌ను బట్టి తెర మీద మాటలు కొంచెం మారినా పనిచేసే పద్ధతి ఒకటే. మార్కులు 5కి 4. పోయిన ఆ ఒక్క మార్కు గురించే ఎక్కువ చెప్పాల్సి ఉంది.

ముందుగా ఒక భయం సంగతి. "డ్రైవర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టే" అని చాలా కుటుంబాలు అనుకుంటాయి. ఆ మాట తప్పు. ఆగని వాంతులు, పేగుల కదలిక ఆగిపోవడం, మింగలేకపోవడం, మగతలో ఉండటం, ఇలా నోటి దారి మూసుకుపోయినప్పుడు ఇది ఇంకో దారి, అంతే. వాంతులు తగ్గాక డ్రైవర్ తీసేసి మళ్లీ నోటి మందుకు వచ్చే పిల్లలూ ఉంటారు. అసలు సిరింజి డ్రైవర్ అన్నది పుట్టిందే పిల్లల కోసం. తలసీమియా ఉన్న పిల్లల ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తీసే డెస్ఫెరాక్సమిన్ మందును గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాలి. అందుకోసం మార్టిన్ రైట్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1970లలో జేబులో పట్టే యంత్రం ఒకటి తయారుచేశాడు. 1979లో దాన్ని చివరి దశ కాన్సర్ నొప్పికి వాడి చూశారు. అక్కడి నుంచి పాలియేటివ్ కేర్‌లోకి, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యంలోకి వచ్చి స్థిరపడింది.

అలాగని ప్రతి బిడ్డకూ ఇది అక్కర్లేదు. పొట్టకు ఫీడింగ్ గొట్టం ఉండి, పేగులు మందును పీల్చుకుంటూ ఉంటే, మింగలేకపోవడం ఒక్కటే కారణంగా డ్రైవర్ పెట్టడం అనవసరపు హడావుడి. నొప్పి మందు మార్ఫిన్ ద్రవాన్ని ఆ ఫీడింగ్ గొట్టంలోనే ఇవ్వొచ్చు. పెద్ద రక్తనాళంలోకి మందు పంపే సెంట్రల్ లైనో పోర్టో ఛాతీలో ఇప్పటికే ఉన్న బిడ్డకైతే చర్మం కింద కొత్తగా గుచ్చే పని లేదు. వైద్య బృందం ఒప్పుకుంటే ఈ డ్రైవర్‌నే దానికి కలపొచ్చు.

ఈ యంత్రం విలువ తెలియాలంటే దీనికి ముందు వాడినవాటిని గుర్తు చేసుకోవాలి. గ్రేస్‌బీ డ్రైవర్లు రెండు రకాలు ఉండేవి. నీలం రంగు ఎంఎస్16ఏ వేగాన్ని గంటకు ఇన్ని మిల్లీమీటర్లు అని లెక్కపెట్టేది. ఆకుపచ్చ ఎంఎస్26 మాత్రం 24 గంటలకు ఇన్ని మిల్లీమీటర్లు అని లెక్కపెట్టేది. మిల్లీలీటర్లు కాదు, సిరింజిలో మందును తోసే పిడి ఎంత దూరం జరిగిందన్నది కొలత. చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉండేవి. ఒకదానికి పెట్టాల్సిన అంకె రెండోదానికి పెడితే రోజంతా వెళ్లాల్సిన మందు ఒక్క గంటలో వెళ్లిపోయేది. ఈ గందరగోళం వల్లే 2010 డిసెంబరులో ఇంగ్లండు రోగి భద్రతా సంస్థ, మిల్లీలీటర్లలో లెక్క చూపే యంత్రాలకు మారమని ఆసుపత్రులకు చెప్పింది. టీ34 ఆ కొత్త తరానిది. వేగాన్ని మనిషి ఎక్కించనక్కర్లేదు. సిరింజిలో ఎంత మందు ఉందో యంత్రమే కొలిచి, దాన్ని 24తో భాగించుకుంటుంది. 17 మి.లీ. ఉంటే గంటకు 0.71 మి.లీ. తెర మీద అంకె కనిపించాక నర్సు విడిగా ఫోన్‌లోనో కాగితం మీదో అదే భాగహారం చేసి సరిచూసుకోవాలి. ఈ పది సెకన్ల పనిని ఎవరైనా మానేస్తున్నారంటే ఆ బృందం పద్ధతి మీద అనుమానం రావడం సహజం.

అమర్చడం కష్టం కాదు, కానీ వరుస తప్పకూడదు. సిరింజి పెట్టకుండానే స్విచ్ వేయాలి. ముందుకూ వెనక్కూ కదిలే ముక్క తన స్థానానికి తనే జరిగి ఆగుతుంది. అది కదులుతుండగా సిరింజి అందులో ఉండకూడదు. తర్వాత ఇన్ఫో బటన్ నొక్కి బ్యాటరీ శాతం చూడాలి. 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఇది. సగానికి తక్కువ ఉంటే పిల్లల ఇంట్లో రాత్రిని దాని మీద వదిలేయకుండా అప్పుడే మార్చేయడం మంచిది. బ్రాండును బట్టి ఈ బ్యాటరీల కొలత వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. వదులుగా కూర్చున్నది పెట్టె కింద పడగానే స్పర్శ తప్పి యంత్రాన్ని ఆపేస్తుంది. కాబట్టి వేళ్లతో ఒకసారి ఊపి చూడాలి, కదిలితే బ్రాండు మార్చాలి.

సిరింజి మూతి మర తిప్పి బిగించే రకం, అంటే లూయర్ లాక్, అయి తీరాలి. నెట్టి తగిలించే రకమైతే రాత్రి బిడ్డ అటూ ఇటూ దొర్లినప్పుడు ఊడిపోతుంది. మందు దుప్పటిలోకి కారుతుంటే యంత్రం మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. 20 మి.లీ. సిరింజిని 17 మి.లీ. దగ్గర ఆపేస్తారు, ఎందుకంటే పిడి పూర్తిగా వెనక్కి వస్తే యంత్రం దాన్ని పట్టుకోలేదు. సిరింజిని మూడు చోట్ల సెన్సర్లు పట్టుకుంటాయి: సిరింజి ఒంటి దగ్గర, దాని చివరి చెవుల దగ్గర, పిడి దగ్గర. మూడూ సరిగ్గా కూర్చునేదాకా తెర మీది బొమ్మలో ఆ భాగం మెరుస్తూ ఉంటుంది. తర్వాత సిరింజి బ్రాండు, సైజు చూపించి సరేనా అని అడుగుతుంది. ఇక్కడ తలూపేసి ఎస్ కొట్టడం ఒక పాత తప్పు. రెండు బ్రాండ్ల 20 మి.లీ. సిరింజిల లోపలి వెడల్పు ఒకటి కాదు. వెడల్పు తప్పుగా తెలిస్తే యంత్రం వేసే లెక్క మొత్తం తప్పే.

ఇక ఈ యంత్రంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన బటన్: నో.

సిరింజి సగంలో ఉండగా ఏదో కారణంతో యంత్రం ఆపారనుకోండి, బ్యాటరీ మార్చడానికో, గొట్టం మెలిక తీయడానికో. మళ్లీ వేయగానే తెర అడుగుతుంది: కొనసాగించాలంటే ఎస్, కొత్తగా మొదలెట్టాలంటే నో. 12 గంటలు గడిచి సిరింజిలో 8.5 మి.లీ. మిగిలి ఉంది. ఎస్ నొక్కితే మిగతా 12 గంటల్లో అది వెళ్తుంది. పొరపాటున నో నొక్కితే అదే 8.5 మి.లీ.ని కొత్త 24 గంటలకు పరుస్తుంది: గంటకు 0.35 మి.లీ. బిడ్డకు అందే నొప్పి మందు అక్కడికక్కడే సగమైపోతుంది. అలారం మోగదు, ఆకుపచ్చ దీపం యథాప్రకారం మెరుస్తుంది. తెల్లవారుజామున బిడ్డ మూలుగుతుంటే "జబ్బు ముదిరింది" అనుకుంటారు. అందుకే నొప్పి ఉన్నట్టుండి పెరిగినప్పుడు డోసు పెంచే ముందు తెర మీది వేగాన్ని, సిరింజిలో మిగిలిన మందును పొద్దున రాసిన కాగితంతో పోల్చి చూడాలి. ఈ లోపం యంత్రం రూపకల్పనలోనే ఉంది. ఇంత పెద్ద తేడా తెచ్చే ప్రశ్నను రెండు మామూలు బటన్ల మధ్య పెట్టడం సరికాదు.

నడక మొదలయ్యాక ఇన్ఫో బటన్‌ను గీత ఎడమ నుంచి కుడికి నిండేదాకా నొక్కి పట్టుకుంటే బటన్లకు తాళం పడుతుంది. పైన పారదర్శకమైన పెట్టె పెట్టి తాళం వేస్తారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న ఇంట్లో ఈ రెండు తాళాలూ కావాల్సిందే. యంత్రాన్ని బిడ్డ ఒంటి కంటే ఎత్తులో, అలమర మీదో కిటికీ గట్టు మీదో పెట్టకూడదు. ఎప్పుడైనా పిడి పట్టు వదిలితే ఎత్తు నుంచి మందు తనంతట తానే కిందికి జారుతుంది. పక్క మీద, బిడ్డ పక్కనే చిన్న గుడ్డ సంచిలో ఉంచడం సరైన చోటు. నీళ్లలో పడకూడదు. ఒళ్లు తుడిచేటప్పుడు సంచిని పొడిచోట పెడితే చాలు.

సిరింజిలో ఏముందన్నది యంత్రం కంటే పెద్ద సంగతి. మార్ఫిన్, మిడజోలమ్, గ్లైకోపైరోనియం ఒకే సిరింజిలో బాగానే కలుస్తాయి. నొప్పికీ ఆయాసానికీ మొదటిది, బెదురుకూ ఫిట్స్‌కూ రెండోది, గొంతులో చేరే ఊట తగ్గడానికి మూడోది. వాంతుల మందు సైక్లిజిన్‌ను సెలైన్‌తో కలిపితే తెల్లగా విరిగి గొట్టం మూసుకుపోవచ్చు, దానికి ఇంజెక్షన్ నీళ్లే వాడాలి. స్టెరాయిడ్ మందు డెక్సామెథాసోన్ చాలావాటితో పడదు, మిడజోలమ్‌తో మరీను. ఫిట్స్ మందు ఫీనోబార్బిటాల్‌కు వేరే డ్రైవర్ కావాలి. డయాజెపామ్, క్లోర్‌ప్రోమజిన్ చర్మం కింద ఇవ్వకూడదు, కండను కాల్చేస్తాయి. సిరింజిలో మసకో, రంగు మార్పో, తేలే రేణువులో కనిపిస్తే ఆపి ఫోన్ చేయాల్సిందే, "కాసేపు చూద్దాం" పనికిరాదు.

నోటి మార్ఫిన్ నుంచి డ్రైవర్‌కు మారేటప్పుడు లెక్క ఇలా ఉంటుంది. నాలుగు గంటలకోసారి 5 మి.గ్రా. తాగుతున్న బిడ్డకు రోజు మొత్తం 30 మి.గ్రా. చర్మం కింద దానిలో సగం, అంటే 15 మి.గ్రా. సరిపోతుంది, ఎందుకంటే నోటి మందులో చాలా భాగం ఒంట్లోకి చేరకముందే కాలేయం దగ్గర పోతుంది. ఇది లెక్క అర్థం కావడానికే. బిడ్డ బరువు, వయసు, మూత్రపిండాల పని చూసి డోసు తేల్చేది వైద్య బృందం. ఆరు నెలల లోపు పసివాళ్లకు ఇంకా తక్కువతో మొదలెడతారు. చర్మం మీద అంటించే నొప్పి మందు ఫెంటనిల్ పట్టీ ఉన్న బిడ్డకైతే పట్టీ తీసేసి డ్రైవర్ పెట్టడం తొందరపాటు. పట్టీ తీశాక కూడా చర్మంలో చేరిన మందు సగానికి తగ్గడానికే చాలా గంటలు పడుతుంది, అప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. చివరి రోజుల్లో పట్టీని అలాగే ఉంచి, చాలని భాగాన్ని మాత్రమే డ్రైవర్‌లో కలపడం ఎక్కువమంది అనుసరించే పద్ధతి.

గొట్టం పెట్టే చోటు గురించి కొంచెం. ఛాతీ పైభాగం, పొట్ట, తొడ, పై చేయి, వీటిలో ఏదైనా పర్వాలేదు. లాగేసుకునే పిల్లలకు వీపు మీద, భుజం ఎముక దగ్గర పెడితే చేయి అందదు. వాచిన చోట, రేడియేషన్ పడిన చర్మం మీద, పొట్ట గొట్టం పక్కన పెట్టకూడదు. లోహపు సూది కంటే మెత్తటి ప్లాస్టిక్ కాన్యులా పిల్లలకు నయం. ముందుగా మత్తు క్రీము రాసి గంట ఆగితే గుచ్చినట్టే తెలియదు. ఆ గంట దొరకనంత అత్యవసరం డ్రైవర్ విషయంలో దాదాపు ఎప్పుడూ రాదు, అయినా క్రీము రాయకుండా వచ్చే నర్సులు ఉంటారు. అడిగి రాయించుకోండి. ఒక చోటు మామూలుగా 72 గంటల దాకా ఆగుతుంది. ఎర్రబడినా, గట్టిపడినా, తడి కనిపించినా ముందే మార్చాలి. పదేపదే పాడవుతుంటే తప్పు చర్మానిది కాకపోవచ్చు, మందు చిక్కగా ఉండి ఉండొచ్చు. పెద్ద సిరింజిలో పలచన చేసి నింపితే చాలాసార్లు సర్దుకుంటుంది.

అలారం సంగతి. దారి మూసుకుపోయిందని యంత్రం చెప్పేది లోపల ఒత్తిడి పెరిగాకే. గంటకు అర మిల్లీలీటరు లాంటి పిల్లల వేగాల్లో ఆ ఒత్తిడి పెరగడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి గంటలు. అంటే అలారం మోగేసరికే కొంత మందు తప్పిపోయి ఉంటుంది. మోగాక గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపును గబుక్కున తెరిస్తే, కూడిన ఒత్తిడంతా ఒక్క గుటకలా ఒంట్లోకి పోతుంది. అందుకే నర్సు వచ్చి చూసేదాకా ఇంటివాళ్లు క్లాంపు ముట్టుకోకపోవడం మేలు. వాళ్ల పని దుప్పటి కింద మడత పడిందేమో చూసి ఫోన్ చేయడమే. ఆగి ఆగి ఆకుపచ్చ దీపం మెరుస్తోందా, సిరింజిలో మందు మట్టం తగ్గుతోందా, ఈ రెండూ చూడటం వస్తే ఇంటివాళ్లకు యంత్రం గురించి తెలియాల్సింది తెలిసినట్టే.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు.

ఈ యంత్రానికి తెలిసింది ఒక్కటే వేగం. పొద్దున పదింటికి నిర్ణయించిన డోసే రాత్రి రెండింటికీ ఇస్తుంది. బిడ్డ నొప్పి అలా ఉండదు. పక్క మార్చినప్పుడు, డైపర్ మార్చినప్పుడు, ఏ కారణమూ లేకుండా కూడా ఎగిసిపడుతుంది. డోసు పెంచినా దాని ఫలితం పూర్తిగా కనపడటానికి గంటలు పడుతుంది. మొదటిసారి పెట్టినప్పుడూ అంతే. వెంటనే ఒక విడి డోసు ఇవ్వకుండా డ్రైవర్ మాత్రం నడిపించి వెళ్లిపోతే, మొదటి మూడు నాలుగు గంటలు బిడ్డకు మందు లేనట్టే. "యంత్రం పెట్టినా ఏమీ తగ్గలేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే.

కాబట్టి డ్రైవర్ ఇంటికి వచ్చిన రోజు చూడాల్సింది దాని పక్కన ఏం పెట్టారన్నది. ఎగిసిన నొప్పికి ఇచ్చే విడి డోసు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పి మీద ఇచ్చి, 2019లో వెనక్కి తీసుకున్న మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తంలో 5 నుంచి 10 శాతం. 15 మి.గ్రా. వెళ్తున్న బిడ్డకు 0.75 నుంచి 1.5 మి.గ్రా. మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ఉన్న ఆంపూల్‌తో ఇది 0.075 నుంచి 0.15 మి.లీ., కంటికి ఆనని కొలత. 1 మి.లీ. సిరింజి లేకుండా కొలవలేరు. కొలిచినా కాన్యులా గొట్టంలోనే ఇంచుమించు అంత మందు నిలిచిపోతుంది. వెనక కొంచెం సెలైన్ తోస్తేనే ఒంట్లోకి చేరుతుంది. పలచన చేసి, పేరూ డోసూ సమయమూ రాసిన సిరింజిలు ముందే సిద్ధంగా పెట్టి వెళ్లే బృందం పని తెలిసిన బృందం. విడి డోసులకు రెండో చోట ఇంకో కాన్యులా పెట్టి ఉంచడం కూడా అలాంటి గుర్తే. డ్రైవర్ గొట్టంలోనే విడి డోసు తోస్తే, అందులో అప్పటికే ఉన్న మూడు మందులూ ముందుగా ఒక్కసారిగా లోపలికి పోతాయి.

సూది పట్టుకోలేని తల్లిదండ్రులకు బుగ్గ దారి ఉంది. మిడజోలమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య, సగం ఇటూ సగం అటూ, నెమ్మదిగా వదిలితే ఫిట్స్‌కూ హఠాత్తుగా వచ్చే బెదురుకూ పనిచేస్తుంది. మార్ఫిన్ ద్రవం 5 మి.లీ.లో 10 మి.గ్రా. ఉండే సీసా అయితే 1 మి.లీ.కి 2 మి.గ్రా. చీటీ మీద డోసు మిల్లీగ్రాముల్లోనూ మిల్లీలీటర్లలోనూ రెండు విధాలా రాయించుకోండి. అర్ధరాత్రి ఆ రెంటి మధ్య తడబడటం చాలా తేలిక. ఒక్కో డోసు ఇచ్చిన సమయం కాగితం మీద పడాలి. మర్నాడు సిరింజి నింపేటప్పుడు, విడి డోసులు రెండు మూడుకు మించితే, ఆ కాగితం చూసే డ్రైవర్ డోసు పెంచుతారు. కాగితం లేకపోతే నిన్నటి డోసే మళ్లీ ఎక్కుతుంది. దానితోపాటు మలబద్ధకానికి మందు ఉందో లేదో చూడండి, మార్ఫిన్ మొదలైన రోజు నుంచే అది ఉండాలి. ఆయాసపడే బిడ్డ ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలించడం ఏ సిరింజిలోనూ పట్టని మందు. ఆక్సిజన్ తక్కువ కాని పిల్లలకు చాలాసార్లు సిలిండరు కంటే అదే ఎక్కువ ఊరట.

వేరే యంత్రాలతో పోలిస్తే? బటన్ నొక్కితే విడి డోసు ఇచ్చే పీసీఏ పంపులు నొప్పి ఎగిసిపడే పిల్లలకు దీనికంటే మెరుగు. ఐదారేళ్లు దాటి, బటన్‌కూ ఊరటకూ సంబంధం అర్థమయ్యే బిడ్డైతే తన నొప్పి మీద తన చేయి ఉంటుంది. కానీ అవి ఖరీదు, నేర్పడానికి సమయం పడుతుంది. బ్యాటరీ లేని బెలూన్ పంపులు నిశ్శబ్దంగా, తేలికగా ఉంటాయి. వేడికీ చలికీ వాటి వేగం మారుతుంది, ఆగిపోతే చెప్పవు. చిన్న డోసుల పిల్లలకు నమ్మలేం.

చివరిగా, ఏ వాడుక పుస్తకమూ సరిగా చెప్పని ఒక సంగతి. బిడ్డ ఊపిరి ఆగిపోయినా ఈ యంత్రానికి తెలియదు. ఆగి ఆగి దీపం మెరుస్తూనే ఉంటుంది, సిరింజి ముందుకు జరుగుతూనే ఉంటుంది. కాసేపటికి మందు అయిపోతే ఆ గదిలో అలారం మోగుతుంది. ఇది తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉండాలి. ఎవరు ఆపాలో, ఎవరికి ఫోన్ చేయాలో, నర్సు వచ్చేదాకా బిడ్డను ఎత్తుకోవచ్చని, గొట్టం దానికి అడ్డు కాదని కూడా. ఆపడం స్టాప్ బటన్‌తో. తర్వాత ఆఫ్ బటన్‌ను తెర ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోవాలి. మరణాన్ని డాక్టరు ధ్రువీకరించేదాకా సిరింజి, కాన్యులా తీయకుండా ఉంచుతారు. తర్వాత నర్సు సిరింజిలో మిగిలిన మిల్లీలీటర్లు రాసి, ఇంకొకరి ఎదుట ఆ మందును పారబోసి, బ్యాటరీ తీసి పెట్టెను తీసుకెళ్తుంది.